రోజుకొక ఫోటో, రోజుకొక ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఇదే పనిని తమ ఊళ్లో, తమ దగ్గరున్న కెమెరాతో చేయదలచుకున్న వారి కోసం ఈ డైరీ రాస్తున్నాను. ఏడాది పాటు రోజుకొక ఫోటో తీయాలని చాలామంది సంకల్పిస్తారు. రెండు మూడు వారాలు గడిచేసరికి కంటికి కనబడిన వస్తువునేదో తీసి ఆ రోజుకు అయిందనిపించడం మొదలవుతుంది. అలా తీస్తే ఫోటోల లెక్క పెరుగుతుందే గాని చేయి తిరగదు. అందుకని ఇక్కడ రోజుకు ఒక ప్రశ్న వేసుకోవడం, దానికి జవాబుగా ఒక ఫోటో తీయడం, ఆ ఫోటో పక్కన కొలతను రాయడం అనే పద్ధతిని పెట్టుకున్నాను.

పరికరాలు ఇవి: సెకండ్ హ్యాండ్‌లో కొన్న 24 మెగాపిక్సెళ్ల డీఎస్ఎల్ఆర్ కెమెరా (వెలుగును ఫోటోగా మార్చే సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ.), దానితో వచ్చిన 18–55 మి.మీ. లెన్సు, ఎఫ్/1.8 దాకా తెరుచుకునే 50 మి.మీ. లెన్సు (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుగు వస్తుంది), మామూలు అల్యూమినియం ట్రైపాడ్. ఇవన్నీ ముందే ఉన్నవి కాబట్టి కింది ఖర్చు లెక్కల్లో కలపలేదు.

నియమాలు

1. ఒక దశలో ఒకే పద్ధతి, ఒకే లెన్సు.
2. రోజుకు ఒక్క అంశమే మారాలి. దూరం మారిస్తే షట్టర్‌ను, షట్టర్ మారిస్తే దూరాన్ని కదపకూడదు.
3. షట్టర్ నొక్కే ముందే ఫలితం ఎలా ఉంటుందో ఊహించి నోటుబుక్కులో రాయాలి.
4. పడుకునే లోగా ఐదు గడులు నింపాలి: ప్రశ్న, ఊహ, సెట్టింగులు, ఫలితం, రేపటి మార్పు.
5. రోజుకు ఒక ఫోటో మాత్రమే శాశ్వతంగా నిలుస్తుంది. పోలిక కోసం తీసినవి ఆ దశ ముగిసేదాకా వేరే ఫోల్డరులో ఉంటాయి.

ప్రతిరోజూ ఒక కొత్త పద్ధతిని ప్రయత్నించాలన్నది తొలి నియమం. దాన్ని ఆరంభంలోనే తీసేయవలసి వచ్చింది. సోమవారం ప్యానింగ్ (కదిలే బండితో పాటు కెమెరాను తిప్పడం), మంగళవారం మాక్రో (చిన్న వస్తువులను చాలా దగ్గరగా తీయడం), బుధవారం రాత్రి దృశ్యం అంటూ వెళితే సోమవారం తెలిసిన లోపాన్ని సరిదిద్దుకునే అవకాశం మళ్లీ వచ్చే సోమవారం దాకా రాదు. ఆలోగా వెలుగు మారిపోతుంది, చేతికి పట్టుబడిన కదలిక కూడా పోతుంది. వారానికొక పద్ధతి అనే నియమం కూడా నిలవలేదు, ఎందుకంటే వాన మన క్యాలెండరును చూసి కురవదు. చివరికి ప్రశ్న తెగేదాకా ఒక దశ అనే నియమమే నిలిచింది.

దశ 1: ఒక కిటికీ, నాలుగు దూరాలు (శ్రావణం)

వానలు పడుతున్నందున ఇంట్లోనే మొదలైంది. ఉత్తరం వైపు కిటికీ వెడల్పు ఒక మీటరు, ఎత్తు 1.2 మీటర్లు. వెలుగుకు దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు, అంటే రెండు స్టాపులు (ఒక స్టాపు తగ్గడమంటే వెలుతురు సగమవడం) పడిపోతుందని పుస్తకాల్లో ఉంటుంది. అదే ఊహగా రాసి, బూడిద రంగు అట్టను కిటికీ ఎదుట నిలబెట్టి, ఎఫ్/4, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే తీవ్రత) 400 వద్ద కెమెరా మీటరు సెకన్లలో చూపిన షట్టర్ వేగాలను టేపుతో కొలిచిన దూరాల పక్కన రాశాను.

అర మీటరు: 1/250
ఒక మీటరు: 1/125
రెండు మీటర్లు: 1/40
నాలుగు మీటర్లు: 1/13

మొదటి రెట్టింపులో ఒక్క స్టాపే తగ్గింది. తరువాతి రెండింటిలోనూ ఒకటిన్నర దాటి, రెండుకు చేరకుండా ఆగింది. కారణం వెతికితే రెండు విషయాలు తేలాయి. ఆ నియమం చుక్కంత దీపానికి వర్తిస్తుంది. మీటరుకు పైగా ఎత్తున్న కిటికీకి అర మీటరు దూరంలో నిలబడినప్పుడు కిటికీ చుక్క కాదు, ఒక వెలుగు గోడ. దూరం పెరిగేకొద్దీ కిటికీ చిన్నదై నియమానికి దగ్గరపడాలి. కాని నాలుగు మీటర్ల దగ్గర వెనకనున్న సున్నం గోడ కొంత వెలుతురును తిప్పి పంపుతోంది. ఆ గోడ మీద నల్ల దుప్పటి కట్టి కొలిస్తే చివరి తేడా రెండు స్టాపులకు వచ్చింది. ఇది తెలిసిన తరువాత ముఖాలను తీసే పని సులువైంది: మృదువైన వెలుగు కావాలంటే కిటికీకి దగ్గరగా కూర్చోబెట్టాలి, వెనక గది చీకటిగా కనబడాలన్నా అదే చోటు కావాలి.

మా మామ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసిన ఫోటోల్లో నీడ వైపు చెంప పచ్చబారినట్లు వచ్చింది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగిన సవరణ) ఎన్నిసార్లు మార్చినా వెలుగు వైపు రంగు చెడిందే గాని నీడ వైపు బాగుపడలేదు. ఆ పక్క గోడకు లేత ఆకుపచ్చ రంగు వేసి ఉంది. నీడలో పడే వెలుగంతా ఆ గోడ మీది నుంచే వస్తోంది. గోడకు తెల్ల పంచె వేలాడదీయడంతో సమస్య తీరింది. నీడను తేలిక చేయడానికి థర్మోకోల్ షీటు వాడాను: షీటు లేనప్పుడు రెండు చెంపలకూ మధ్య తేడా మూడు స్టాపులు, నలభై సెంటీమీటర్ల దూరంలో పట్టినప్పుడు ఒకటింబావు. షీటుకు బదులు నల్ల చార్టు పడితే తేడా మూడు దాటుతుంది. ముడతలు స్పష్టంగా కనబడాలన్నప్పుడు అదే మేలు, మామ్మ ఫోటోల్లో నేను నిలుపుకున్నది కూడా అదే.

ఇప్పటివరకు లెక్క: థర్మోకోల్, చార్టులు, టేపు, నోటుబుక్కు కలిపి రూ. 200. డిస్కులో సుమారు 14 జీబీ. రా ఫైలు (కెమెరా మార్పులు చేయని మూల ఫైలు) ఒక్కొక్కటి సుమారు 28 ఎంబీ.

దశ 2: తేమతో పని (భాద్రపదం)

ఇది ఫోటో తీసే పద్ధతి కాదు. అయినా గోదావరి తీరంలో వానాకాలమంతా కెమెరా బయటికి తీయదలచిన వారికి దీని తరువాతే మిగతావన్నీ. లెన్సు లోపల బూజు పట్టిందంటే మరమ్మతు ఖర్చు లెన్సు ధరను చేరుకుంటుంది.

తేమ మీటరు బీరువాలో 78 శాతం చూపింది. గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పెట్టి లెన్సులు అందులోకి మార్చిన మర్నాటికి 42కు దిగింది. నలభై, యాభై శాతం మధ్య ఉంచడం మంచిది. మరీ పొడిగా ఉంచితే రబ్బరు భాగాలకు మేలు చేయదు. డబ్బాను రోజూ తెరవడం వల్ల వారం తిరిగేసరికి మీటరు మళ్లీ అరవై దాటేది. అందుకని రోజూ వాడే లెన్సుకు ఒక డబ్బా, మిగతావాటికి మరొకటి ఏర్పాటు చేశాను. నీలం రంగు గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమతో నిండినట్లు లెక్క. వాటిని వేడి చేస్తే మళ్లీ నీలంగా మారతాయి. ఆ రంగు కోబాల్టు లవణంది కాబట్టి వంటకు వాడే మూకుడులో వేడి చేయవద్దు. దానికోసం విడిగా ఒక పాత గిన్నె కేటాయించండి.

ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన కెమెరా మీద పావుగంట పాటు పొగమంచు నిలిచేది. తుడిస్తే మళ్లీ వస్తుంది, పైగా గాజు మీద గీతలు పడతాయి. కెమెరాను గదిలోనే జిప్ కవరులో పెట్టి మూసి, బయటికి తెచ్చి, లోహపు భాగం చేతికి చల్లగా తగలడం మానేదాకా కవరు తెరవకూడదు. తెల్లవారుజామున బయలుదేరే రోజుల్లో ముందు రాత్రి కెమెరాను ఏసీ లేని గదిలో ఉంచడం ఇంకా తేలిక.

ఇప్పటివరకు లెక్క: డబ్బాలకు రూ. 480, తేమ మీటరుకు రూ. 320, సిలికా జెల్‌కు రూ. 250. మొత్తం రూ. 1,250.

దశ 3: కదిలే సైకిలు, కదలని సైకిలు (వానలు తగ్గాక)

స్థలం గోదావరి గట్టు రోడ్డు, వెలుగు సూర్యోదయమైన కాసేపటికి వచ్చేది, లెన్సు 50 మి.మీ. ప్యానింగ్‌లో కెమెరాను బండితో పాటు తిప్పుతూ నెమ్మదైన షట్టరుతో తీస్తాం. బండి పదునుగా నిలిచి, వెనక దృశ్యం గీతలుగా సాగాలి. ఎంత సాగుతుందో ముందే లెక్క కట్టవచ్చా అన్నది ఈ దశ ప్రశ్న.

రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం 30 మీటర్లు. మామూలుగా తొక్కే సైకిలు దాన్ని ఏడు సెకన్లలో దాటుతోంది, అంటే గంటకు సుమారు 15 కిలోమీటర్లు. నేను రోడ్డుకు ఆరు మీటర్ల దూరంలో ఉన్నాను. సైకిలు వేగాన్ని దూరంతో భాగించి, లెన్సు 50 మి.మీ.తోనూ షట్టర్ కాలంతోనూ హెచ్చిస్తే సెన్సర్ మీద వెనక దృశ్యం ఎన్ని మి.మీ. సాగుతుందో వస్తుంది. నా సెన్సర్‌లో ఒక మి.మీ.కు 255 పిక్సెళ్లు.

1/125 సెకను: సుమారు 73 పిక్సెళ్లు
1/30 సెకను: సుమారు 300 పిక్సెళ్లు
1/15 సెకను: సుమారు 600 పిక్సెళ్లు

ఫోటోలో వెనకనున్న తెల్ల గోడ మీది మచ్చ ఎంత సాగిందో కొలిస్తే 1/30 దగ్గర 260 నుంచి 320 పిక్సెళ్ల మధ్య వచ్చింది. లెక్క పని చేస్తోంది. 73 పిక్సెళ్ల సాగుడు చేయి వణికినట్లు కనబడుతుంది, 300 వేగంలా కనబడుతుంది. కాబట్టి 1/125 ఇక్కడ దేనికీ పనికిరాదు.

పని చేయనిది మరొకటి ఉంది. 1/30 దగ్గర మనిషి ముఖం పదునుగా ఉన్న ఫోటోల్లో కూడా ముందు చక్రమో వెనక చక్రమో చెదిరిపోయేది. చేతి లోపమని అనుకుని భంగిమ మార్చడంలో కొన్ని రోజులు గడిచాయి. అసలు కారణం దూరం. ఆరు మీటర్ల దగ్గర సైకిలు రెండు చివరలూ మన కంటి నుంచి వేర్వేరు కోణాల్లో ఉంటాయి. కెమెరా తిరిగే వేగం మధ్య భాగానికి సరిపోతుంది గాని చివరలకు సరిపోదు. రోడ్డుకు పన్నెండు మీటర్ల దూరానికి జరిగి, షట్టర్‌ను 1/20కి తగ్గిస్తే రెండు చక్రాలూ నిలిచాయి. దూరం రెట్టింపైనందున సాగుడు సగమవుతుంది, నెమ్మదించిన షట్టర్ అందులో కొంత తిరిగి ఇస్తుంది. ఫ్రేములో సైకిలు చిన్నదవుతుంది, తరువాత కత్తిరించుకోవాలి. 24 మెగాపిక్సెళ్లలో అది నష్టం కాదు.

పనికొచ్చిన క్రమం:

1. బండి ఎదురుగా వచ్చినప్పుడు మన పాదాలు ఏ దిక్కుకు ఉండాలో ఆ దిక్కుకే ముందుగా పెట్టి, నడుము నుంచి వెనక్కి తిరిగి ఎదురుచూడాలి.
2. లెన్సులో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉంటే ఆపాలి, లేదా ప్యానింగ్‌కు వేరే మోడ్ ఉంటే దానికి మార్చాలి.
3. తొక్కుతున్న మనిషి ఛాతీ మీద ఫోకస్ బిందువును నిలిపి, బండి ఎదురుకు రాకముందే షట్టర్ నొక్కడం మొదలుపెట్టాలి.
4. షట్టర్ మూసుకున్నాక కూడా నడుము తిరుగుతూనే ఉండాలి.

ఎండ ఎక్కాక ఈ పని సాగదు. పూర్తి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/16, 1/125 సరిపోయే వెలుగు ఉంటుంది. 1/30కి దిగాలంటే ఎఫ్/32 కావాలి, అది నా లెన్సులో లేదు. ఉదయపు నీడలో ఎఫ్/11తో 1/30 సరిగ్గా కుదిరింది.

ఇప్పటివరకు లెక్క: ఖర్చు మారలేదు, రూ. 1,250. డిస్కు మాత్రం 41 జీబీకి పెరిగింది, ఎందుకంటే ప్యానింగ్‌లో పదింట ఒకటి నిలిస్తే గొప్ప. అందుకే ఐదో నియమానికి ఒక సవరణ చేశాను: పోలిక ఫోల్డరులో ఒక్కో సెట్టింగుకు బాగా వచ్చినదొకటి, చెడినదొకటి చాలు. చెడినదాన్ని తప్పక ఉంచండి. మరో దశలో అదే లోపం మళ్లీ కనబడినప్పుడు పోల్చడానికి కావలసింది అదే.

దశ 4: దీపాలూ ఎల్ఈడీలూ (కార్తికం)

పుష్కర ఘాట్ దగ్గర సాయంత్రం వేళ రెండు రకాల వెలుగులు కలుస్తాయి: గట్టు మీద ఎల్ఈడీలు, నీటిలో అరటి దొప్పల మీద దీపాలు. రెండింటికీ లోపాలు వేర్వేరు.

మన కరెంటు సెకనుకు 50 ఆవృతాలు తిరుగుతుంది. చవకరకం ఎల్ఈడీ సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. కంటికి తెలియదు, షట్టరుకు తెలుస్తుంది. ఒకే దుకాణం ముందు ట్రైపాడ్ పెట్టి, షట్టర్ ఒక్కటే మారుస్తూ వరసగా తీస్తే 1/50, 1/100 దగ్గర అన్ని ఫోటోలూ ఒకేలా వచ్చాయి. 1/60 దగ్గర కొద్దిపాటి హెచ్చుతగ్గులు కనిపించాయి. 1/250 దాటాక ఫ్రేములో ఒక వైపు మసక పట్టీలు పడ్డాయి, ఒక ఫోటోకూ తరువాతి దానికీ రంగు మారిపోయింది. మంచి డ్రైవరు (కరెంటును నిలకడ చేసే సర్క్యూట్) ఉన్న బల్బులకు ఈ సమస్య రాలేదు. పండుగలకు కట్టే సీరియల్ బల్బులకు అన్నిటికన్నా ఎక్కువ. రాత్రి వీధుల్లో తీసేవారు షట్టర్‌ను 1/100 దగ్గర కట్టేసి, వెలుతురును ఐఎస్ఓతో సర్దుకోవడం ఒక్కటే నమ్మదగిన మార్గం.

దీపపు వెలుగులో ముఖానికి ఐఎస్ఓ 1600, ఎఫ్/1.8, 1/60 సరిపోయింది. కాని మంట చుట్టూ ఉన్న చేతులు, నుదుటి కుంకుమ ఎర్రటి ముద్దగా మారి వివరాలు పోయాయి. కెమెరా చూపిన, వెలుగునీడల లెక్క తెలిపే హిస్టోగ్రామ్‌లో ఏ లోపమూ లేదు, ఎందుకంటే అది మూడు రంగుల సగటు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే తెరకు మారిస్తే ఎరుపు ఒక్కటే కుడి అంచుకు కొట్టుకుని తెగిపోయినట్లు తెలిసింది. దీపపు వెలుగులో ఎరుపు పాలు అంత ఎక్కువ. ఎక్స్‌పోజర్‌ను ఒకటింబావు స్టాపు తగ్గించి, నీడలను తరువాత కంప్యూటర్లో పైకి లాగితే చేతి గాజుల దాకా వివరం నిలిచింది. రంగును తెలుపు చేయాలని ప్రయత్నించవద్దు. నా కెమెరాలో వైట్ బ్యాలెన్స్ 2500 కెల్విన్ దగ్గర ఆగిపోతుంది, దీపం దానికన్నా దిగువన ఉంటుంది. పైగా ఆ పసుపే కార్తిక దీపం.

ఘాట్ మీద అడగకుండా ఎవరినీ తీయలేదు. "అమ్మా, దీపంతో ఒక ఫోటో తీసుకోవచ్చా?" అంటే చాలామంది ఒప్పుకున్నారు. ఒకావిడ "తీసుకో బాబూ, దీపం కొండెక్కేలోగా తీసుకో" అన్నారు. అప్పటి నుంచి సెట్టింగులన్నీ ముందే, ఖాళీ మెట్టు మీద నేనే ఒక దీపం పెట్టి సరిచూసుకుని, ఆ తరువాతే మనుషులను అడగడం అలవాటు చేసుకున్నాను. వ్రతానికి వచ్చిన వారిని మీటరు చూసుకోవడానికి నిలబెట్టకూడదు.

ఇప్పటివరకు లెక్క: తీగ రిమోట్ రూ. 350. మొత్తం రూ. 1,600. డిస్కు 52 జీబీ.

దశ 5: పది స్టాపుల ఫిల్టరు, నెమ్మదైన నది (మార్గశిరం)

స్థలం పాత హేవ్‌లాక్ వంతెన స్తంభాలు కనబడే గట్టు. 1900లో రాకపోకలు మొదలైన ఈ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. పక్కన విల్లుల వంతెన దాని పనిని తీసుకుంది. నీటిలో కదలకుండా నిలిచే వస్తువు, చుట్టూ కదిలే నీరు, పైన కదిలే మబ్బు: దీర్ఘ ఎక్స్‌పోజర్‌కు ఇంతకన్నా మంచి చోటు ఈ ఊళ్లో లేదు.

పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు వెలుతురును వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. ఫిల్టరు లేకుండా 1/125 అయితే ఫిల్టరుతో 8 సెకన్లు కావాలి. తీస్తే చీకటిగా వచ్చింది. ఇంటి గోడను నిలకడైన వెలుగులో ఫిల్టరుతో, ఫిల్టరు లేకుండా తీసి, హిస్టోగ్రామ్ శిఖరాలు ఒకే చోట పడేదాకా సమయం పెంచుతూ పోతే 13 సెకన్ల దగ్గర కుదిరింది. అంటే నా ఫిల్టరు నిజంగా తగ్గించేది పది కాదు, పదిన్నర పైచిలుకు. చవక ఫిల్టర్ల మీది అంకెను నమ్మకుండా మొదటి రోజే ఈ పరీక్ష చేసి, ఆ అంకెను ఫిల్టరు డబ్బా మీద రాసుకోండి.

రెండో లోపం ఫోటో మధ్యలో ఊదారంగు పొగలాంటి మచ్చ. లెన్సును, ఫిల్టరును తుడిచినా పోలేదు. వెనక నుంచి సూర్యుడు ఉన్నప్పుడు పెద్దదై, మబ్బు పట్టినప్పుడు మాయమవుతోంది. డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) గుండా వచ్చే వెలుగు మామూలు షట్టర్ వేగాల్లో లెక్కలోకి రాదు. పదుల సెకన్లలో సెన్సరును చేరుతుంది. వ్యూఫైండర్ మీద నల్ల టేపు అంటించాక మచ్చ మళ్లీ రాలేదు.

మూడోది నీరే. అర సెకనుకు నీరు పట్టులా సాగుతుందని ఊహగా రాశాను, సాగలేదు. కొండ వాగులకు ఆ అంకె సరిపోతుంది. ఇక్కడ దిగువన ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ ఉన్నందున, వరద తగ్గిన కాలంలో గోదావరి దాదాపు చెరువులా నిలుస్తుంది. నాలుగు సెకన్లకు అలలు మసకబారాయి. పదిహేను సెకన్లు దాటాకే నీరు అద్దమైంది. రెండు నిమిషాలకు మబ్బులు గీతలయ్యాయి గాని, లంగరు వేసిన నాటు పడవలన్నీ రెండేసి ఆకారాలుగా చెదిరాయి. పడవలు ఫ్రేములో ఉంటే పదిహేను, లేకపోతే ఎంతైనా.

క్రమం:

1. ఫిల్టరు లేకుండా ఫ్రేము కుదిర్చి, ఫోకస్ చేసి, ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చాలి. ఫిల్టరు బిగించాక కెమెరాకు ఏమీ కనబడదు.
2. ఎక్స్‌పోజర్ కొలిచి, కొలిచి తెలుసుకున్న స్టాపుల్లో ఒక్కోదానికి సమయాన్ని రెట్టింపు చేస్తూ పోవాలి.
3. కెమెరా పట్టీని విప్పేయాలి. గాలికి అది కొట్టుకుంటే స్తంభాల అంచులు చెదురుతాయి.
4. ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి ఎత్తకూడదు. దానికి సంచి వేలాడదీస్తే సంచి అడుగు నేలను తాకుతూ ఉండాలి, లేకపోతే ఊగుతుంది.
5. వ్యూఫైండర్ మూసి, రిమోట్‌తో తీయాలి.

ఫిల్టరు గోధుమ రంగు ఛాయను కలుపుతుంది. ఫిల్టరు ఉండగానే తెల్ల కాగితాన్ని తీసి, దాని ఆధారంగా వైట్ బ్యాలెన్స్‌ను స్థిరపరిస్తే చాలావరకు పోయింది.

ఇప్పటివరకు లెక్క: ఫిల్టరు రూ. 1,370, టేపు రూ. 30. మొత్తం రూ. 3,000. డిస్కు 63 జీబీ.

దశ 6: అర మిల్లీమీటరు లోతు (ధనుర్మాసం)

కడియం నర్సరీలు ఊరికి దగ్గర్లోనే ఉన్నాయి, ధనుర్మాసపు మంచు ఎనిమిది దాకా ఆకుల మీద నిలుస్తుంది. మాక్రో లెన్సు కొనకుండా 50 మి.మీ. లెన్సుకు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే బోలు గొట్టాలు) తగిలించాను. మొదట తెచ్చిన రూ. 450 ట్యూబుల్లో మెటల్ కాంటాక్టులు లేవు; నా లెన్సుకు అపర్చర్ రింగు (వెలుగు వచ్చే రంధ్రాన్ని చేత్తో మార్చే రింగు) లేదు కాబట్టి ఆ ట్యూబులతో అపర్చర్ మన అదుపులో ఉండదు. కాంటాక్టులున్నవి రూ. 2,100 అయ్యాయి. రింగు ఉన్న పాత లెన్సు ఉన్నవారికి మొదటి రకమే చాలు.

ట్యూబు పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే సెన్సర్ మీద వస్తువు ఎన్ని రెట్ల పరిమాణంలో పడుతుందో తెలుస్తుంది. 12, 20, 36 మి.మీ. ట్యూబులు మూడూ కలిపితే 68. యాభైతో భాగిస్తే 1.36. స్టీలు స్కేలును తీసి చూస్తే ఫ్రేము వెడల్పులో 17 మి.మీ. కనబడింది, సెన్సర్ వెడల్పు 23.5ను 17తో భాగిస్తే 1.38. లెక్కకూ కొలతకూ తేడా లేనంత దగ్గర.

ఈ పెద్దరికానికి మూల్యం రెండు విధాల చెల్లించాలి. వెలుతురు రెండున్నర స్టాపులు తగ్గుతుంది: కెమెరాలో ఎఫ్/8 అని ఉన్నా పని చేసేది ఎఫ్/19 లాగా. ఫోకస్ లోతు (పదునుగా వచ్చే మందం) ఎఫ్/8 దగ్గర 0.4 మి.మీ. మాత్రమే. తోటలో గాలి లేదనుకున్న పూట కూడా గులాబీ రేకు ఒక మిల్లీమీటరు ఊగుతుంది, అంటే ఫోకస్ లోతుకు రెట్టింపుకు పైగా. ఐఎస్ఓ పెంచి, షట్టర్ వేగం పెంచి, కొమ్మను పుల్లకు కట్టి చూశాను. ఒకటి అరా నిలిచినా మళ్లీ మళ్లీ సాధించగల ఫలితం రాలేదు. కుండీతో సహా మొక్కను కొని ఇంటికి తెచ్చి, దశ 1 నాటి కిటికీకి అర మీటరు దూరంలో పెట్టడంతో గాలి సమస్య పోయింది.

లోతు సమస్యకు ఫోకస్ స్టాకింగ్ ఒక్కటే దారి: కొద్దికొద్దిగా జరుపుతూ తీసి, పదునైన భాగాలను కంప్యూటర్లో కలపడం. ఫోకస్ రింగును చేత్తో తిప్పితే అడుగులు సమానంగా రాలేదు, కలిపాక మధ్యలో మసక పట్టీలు మిగిలాయి. అందుకు చేసిన చిన్న బండి ఇది:

1. అడుగున 20 సెం.మీ. పొడవు చెక్క, దాని మీద సొరుగుకు వాడే చిన్న చానెల్ జత, చానెల్ మీద 8 సెం.మీ. చదరపు చెక్క.
2. అడుగు చెక్క చివర నిలువు పలక; దానికి రంధ్రం పెట్టి 6 మి.మీ. నట్టును అతికించాలి.
3. ఆ నట్టులోంచి 6 మి.మీ. బోల్టు, దాని కొన పై చెక్కను నెట్టాలి. మామూలు 6 మి.మీ. బోల్టు ఒక చుట్టుకు సరిగ్గా ఒక మి.మీ. కదులుతుంది.
4. పై చెక్కను బోల్టు వైపు లాగుతూ రెండు రబ్బరు బ్యాండ్లు. ఇవి లేకపోతే చానెల్‌లోని వదులు కొలతను పాడుచేస్తుంది.
5. బోల్టు తలకు అట్ట చక్రం, దాని మీద నాలుగు గుర్తులు. ఒక గుర్తుకు 0.25 మి.మీ.

పువ్వు ఈ బండి మీద కదులుతుంది, కెమెరా ట్రైపాడ్ మీద కదలదు. 0.4 లోతుకు 0.25 అడుగు వేస్తే ఒక ఫోటో పదును తరువాతి దానితో కలుస్తుంది. ఆరు మి.మీ. లోతున్న పువ్వు నడిమికి ఇరవై అయిదు ఫోటోలు సరిపోయాయి. మంచు బిందువు మాత్రం గదిలో అంతసేపు నిలవదు. స్ప్రే చేసిన నీటిలో కొన్ని చుక్కల గ్లిజరిన్ కలిపితే నిలిచింది. ఆ ఫోటోలకు మంచు అని పేరు పెట్టలేదు, గ్లిజరిన్ నీరని రాశాను.

ఇప్పటివరకు లెక్క: ట్యూబులు రెండు రకాలూ రూ. 2,550, బండికి రూ. 150. మొత్తం రూ. 5,700. డిస్కు 96 జీబీ, స్టాకులే ఎక్కువ.

దశ 7: ధ్రువుడు ఎంత ఎత్తులో ఉంటాడు (మాఘం, సాగుతోంది)

నక్షత్రాలు గంటకు 15 డిగ్రీలు తిరుగుతాయి. చుక్కలుగా రావాలంటే 500ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలన్న నియమం ఒకటి ప్రచారంలో ఉంది. నా సెన్సర్ చిన్నది కాబట్టి 18 మి.మీ.ను 1.5తో హెచ్చిస్తే 27, అంటే 18 సెకన్లు. తీసి చూస్తే ఒరియన్ నక్షత్రమండలపు నడికట్టు చుక్కలు ఆరు పిక్సెళ్ల గీతలుగా వచ్చాయి. ఆ నియమం ఫిలిం కాలం నాటిది, 24 మెగాపిక్సెళ్లకు చాలదు. ఎనిమిది సెకన్లకు తగ్గిస్తే మూడు పిక్సెళ్ల లోపుకు వచ్చింది.

గీతలుగానే కావాలనుకుంటే 30 సెకన్ల ఫోటోలను వరసగా తీసి కలపాలి. మొదటి రాత్రి ఫలితంలో గీతలన్నీ తెగిపోయి మధ్యలో ఖాళీలు కనబడ్డాయి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (రంగు మచ్చలను తొలగించే ఏర్పాటు) పని చేస్తూ ఉండటం వల్ల ప్రతి ఫోటో తరువాత కెమెరా మరో 30 సెకన్లు తీసుకుంటోంది. దాన్ని ఆపి, రిమోట్ బటన్‌ను లాక్ చేసి, కంటిన్యువస్ మోడ్‌లో తీస్తే ఖాళీలు కంటికి తెలియనంతకు తగ్గాయి.

డాబా మీది నుంచి ధ్రువ నక్షత్రం చుట్టూ వలయాలు పట్టుకోవాలన్న ప్రయత్నం వేరే కారణంతో ఆగింది. మన అక్షాంశం ఎంతో ధ్రువుడు ఉత్తర దిగంతం నుంచి అంత ఎత్తులోనే ఉంటాడు. రాజమహేంద్రవరంలో 17 డిగ్రీలు. మనకన్నా బాగా ఉత్తరాన ఉన్న దేశాల ఫోటోల్లో ధ్రువుడు ఎంతో ఎత్తున కనబడటం చూసి ఇక్కడ ఫ్రేము కుదరదు. వీధికి అవతలి కొబ్బరిచెట్లు, వాటి వెనక ఊరి వెలుగు ఆ 17 డిగ్రీలను పూర్తిగా మింగేశాయి. ధ్రువుడి నుంచి 17 డిగ్రీలు దాటిన వలయాల్లో కింది భాగం దిగంతం కిందే ఉండిపోతుంది కాబట్టి పెద్ద పూర్ణ వలయాలు కావాలనుకోవడం మానేసి, దిగంతం మీది నుంచి లేచే విల్లులుగా కూర్పును మార్చాను.

తెల్లవారుజామున లెన్సు మీద మంచు కమ్మి చివరి గంట ఫోటోలన్నీ మసకబారాయి. పవర్ బ్యాంకుతో నడిచే వేడి పట్టీని లెన్సు చుట్టూ కట్టాక ఆగింది.

ఇప్పటివరకు లెక్క: వేడి పట్టీ రూ. 600. మొత్తం రూ. 6,300. డిస్కు 118 జీబీ, రెండో కాపీ వేరే డిస్కులో.

వచ్చే అమావాస్యకు గోకవరం దాటి, ఉత్తరం వైపు చెట్లు లేని పొలం గట్టు మీద చేయవలసినవి:

1. పగలే వెళ్లి దిక్సూచితో ఉత్తరం గుర్తించి, 17 డిగ్రీల ఎత్తుకు అడ్డేమీ లేదని చూసుకోవడం. పొలం యజమానిని ముందుగా అడగడం.
2. 18 మి.మీ., ఎఫ్/4, ఐఎస్ఓ 800, 30 సెకన్లు. నాయిస్ రిడక్షన్ ఆపి ఉంచడం.
3. ఫోకస్‌ను ఒక ప్రకాశవంతమైన నక్షత్రం మీద లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పెద్దది చేసి సరిచూసి, రింగు మీద టేపు అంటించడం.
4. మొదటి ఫోటో నుంచే వేడి పట్టీ; మంచు పడ్డాక కట్టితే ఆరడానికి చాలాసేపు పడుతుంది.
5. ఊహ: రెండు గంటలకు 30 డిగ్రీల విల్లులు. కోణమానితో కొలిచి పక్కన రాయడం.